తలుపు లేని ఇంటి ఆకు

పెదవి కదపకుండా చదవడం నా బతుకుతెరువు. విజయవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. పక్క కుర్చీలో ఎవరైనా గొణుక్కుంటూ చదివితే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి నన్ను, పైకి చదివితేనే చదువు అనుకునే మనుషుల మధ్యకు తోలినవాడు మా బైండరు మస్తానయ్య.

అతని తల్లి పుట్టిల్లు చిట్టమూరు అవతల, పులికాట్ వైపు. ఒకరోజు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటూ, మా అమ్మవాళ్ళ ఊళ్ళో ఒక తాటాకు పుస్తకం ఉంది మేడమ్, ఏటా ఊరంతా కూర్చుని చదివించుకుంటారు, విరిగిపోయిన ఆకులు మాత్రం ఇళ్ళల్లో ఉంటాయి అన్నాడు. ఇళ్ళల్లో అంటే పెట్టెల్లోనా అని అడిగాను. నోళ్ళల్లో అన్నాడు. ఒక ఆకు శిథిలమై ఇక నిలవదు అని తేలినప్పుడు, అందులోని మాటలు ఒక ఇంటివాళ్ళు కంఠస్థం చేస్తారట. అప్పటినుంచి ఆ ఆకు ఆ ఇంటిది. చదివే మనిషి అక్కడికొచ్చి ఆగితే, ఆ ఇంటివాళ్ళు లేచి చెప్పాలి.

నేను అన్నం కలపడం ఆపేశాను. రాజుల దగ్గర ఎలాంటి గ్రంథాలుండేవో, పండితులు ఏం చదివేవారో చెప్పడానికి బోలెడుమంది ఉన్నారు. నాగలి పట్టినవాడూ వల విసిరినవాడూ చేపలు ఎండబెట్టిన ఆడమనిషీ వందల ఏళ్ళ కిందట ఏం చదువుకున్నారు, ఎలా చదువుకున్నారు అంటే మాత్రం అందరూ తల గోక్కుంటారు. వాళ్ళకు చదువెక్కడిదండీ అనేస్తారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. సముద్రంలో వేట నిషేధం ఉండే రోజుల్లో, పడవలన్నీ ఒడ్డెక్కి ఉన్నప్పుడు ఆ పుస్తకం విప్పుతారని మస్తానయ్య చెప్పాడు. అంటే మే నెల. నెల్లూరు ఎండల గురించి అందరూ భయపెట్టారు. గొడుగు పట్టుకుని రైలెక్కాను.

విడవలూరు: గిన్నెలో నూనె

నేరుగా పోవచ్చు. కానీ మస్తానయ్య, దారిలో విడవలూరులో పెంచల్రెడ్డి గారిని చూసి వెళ్ళండి, పాత సంగతులు ఆయన దగ్గర వినాలి అన్నాడు. పెంచల్రెడ్డి గారు వరి రైతు. ఎనభై దాటినా పంచె ఎగ్గట్టి గట్టు మీద నడుస్తుంటే నేను వెనకబడ్డాను. వాళ్ళ కోడలు మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు పెట్టింది. ముందురోజు చేసిన పులుసు. మా కృష్ణా జిల్లాలో నిన్నటి కూర అతిథికి పెడితే మాట పడాలి. ఇక్కడ ఈరోజు పులుసు పెడితే మర్యాద తక్కువట. రెండోసారి నేనే అడిగి వేయించుకున్నాను.

తిన్నాక ఆయన అరుగు మీద చాప వేయించి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళ ముత్తాత నాటికి కళ్ళం పనులు అయిపోగానే ఒక చదివే ఆయన ఆకుల కట్ట సంకన పెట్టుకుని వచ్చేవాడట. ఆయనకు తిండి ఇంటింటికీ వంతు. కూలి ధాన్యం. వినడానికి వచ్చే ప్రతి ఇల్లూ ఒక చిన్న గిన్నెలో నూనె తెచ్చి దీపంలో పోయాలి. నూనె ఎంతసేపు ఉంటే కథ అంతసేపు. దీపం కొండెక్కితే, హీరో పాము పడగ కింద ఉన్నా సరే, చదువు ఆగిపోయేది.

ఆడవాళ్ళు ఏం చేసేవాళ్ళంటే, కొంచెం నూనె చెంగు చాటున దాచిపెట్టుకునేవాళ్ళట. సంగతి మంచి పట్టులో ఉన్నప్పుడు దీపం రెపరెపలాడితే, ఎవరో ఒకామె ఏమీ ఎరగనట్టు లేచి పోసేది. అందుకే మా వైపు ఆడవాళ్ళకు కథలు మగవాళ్ళకంటే ఎక్కువ తెలుసు అని నవ్వారు పెంచల్రెడ్డి గారు. నాకు నవ్వు రాలేదు. దాచిన నూనెతో నాలుగు మాటలు ఎక్కువ విన్న ఆ ఆడవాళ్ళనే తలుచుకుంటూ కూర్చున్నాను. మా ఇంట్లో నలుగురం నాలుగు ఫోన్లలో తలలు దూర్చి, ఒక్క పేజీ ఓపిగ్గా చదవలేక పక్కకు తోస్తాం.

"మా ముత్తాతకి సంతకం రాదమ్మా. వేలిముద్రే. కానీ ఆయన కథ చెప్తావుంటే చదివే ఆయనే ఆగి వినేవాడంట," అన్నారు ఆయన. అలాంటివాణ్ణి చదువు రానివాడనాలా అని అడిగారు.

గూడూరు: నిమ్మకాయలూ కాకిబంగారమూ

గూడూరు స్టేషన్ బయటికి రాగానే నిమ్మకాయల వాసన. మార్కెట్టులో గోతాలు గోతాలు పసుపుపచ్చగా పోసి ఉన్నాయి. మా వీధిలో కాయ ఒక్కింటికి అడిగే ధరకు ఇక్కడ దోసిలి నిండా ఇచ్చారు. చేతులూపుకుంటూ ఎలా వెళ్ళడమని ఒక సంచీ నిండా కొన్నాను. బస్టాండులో ఆ సంచీ అడుగు ఊడింది. కాయలన్నీ బస్సు కిందికి, జనం కాళ్ళ కిందికి దొర్లిపోయాయి. అరటిపళ్ళమ్మే ఆమె తన తట్ట వదిలేసి వచ్చి ఏరిపెట్టింది. ఏరినందుకు నాలుగు కాయలు తన కొంగులో వేసుకుని, అడగనవసరం లేదన్నట్టు చూసింది. న్యాయమే అనిపించింది.

టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన పేపరు పైకి చదువుతున్నాడు. మిగతావాళ్ళు గ్లాసులు పట్టుకుని వింటున్నారు. టీ పన్నెండు రూపాయలు, ఆ చదివే ఆయనకు మాత్రం ఉచితం. వింటున్నవాళ్ళల్లో ఇద్దరి చేతుల్లో అదే పేపరు మడిచి ఉంది. మీకు చదవడం వచ్చుగా, మరి వినడం ఎందుకని అడిగితే, "ఒక్కడే చదివితే ఎవురితో అనుకునేది?" అన్నాడు ఒకాయన.

గూడూరులో నాకు ఇంకో పని ఉంది. ఆ పల్లెలో పుస్తకం చదివే పోలయ్యకు కాకిబంగారం, అంటే అభ్రకం రేకులు కావాలని మస్తానయ్య చెప్పాడు. ఒకప్పుడు ఈ ఊరి నుంచి బళ్ళకు బళ్ళు అభ్రకం పోయేది. ఇప్పుడు నాలుగు రేకుల కోసం మూడు వీధులు తిరిగాను. చివరికి పాత గోడౌను కాసే ముసలాయన, దేనికమ్మా అని అడిగాడు. పగుళ్ళు పట్టిన తాటాకు మీద ఈ రేకు పెడితే ఆకు విరగదు, అక్షరం కనపడుతుంది అని చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టిన పలకను తెచ్చి, గోటితో పొర తర్వాత పొర విడదీసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. అద్దంకంటే పల్చని ఆ రేకులను నేను ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. కుదుపు వచ్చినప్పుడల్లా నిమ్మకాయలను వదిలేసి వాటిని పట్టుకున్నాను.

చిట్టమూరు దాటాక: నేను మింగిన పేజీ

ఆ పల్లె పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. ఒక వైపు ఉప్పునీటి మడుగులు, ఇంకో వైపు సముద్రం. పడవలు ఇసుకలో బోర్లా పడుకుని ఉన్నాయి. వాటి పక్కనే తాటాకు పందిరి. పోలయ్య ఆ పందిట్లో నా కోసం ఎదురుచూస్తున్నాడు. సముద్రం మీద బతికిన మనిషి, ఎండకు కమిలిన వెడల్పాటి చేతులు, ఒక కంటికి పొర కమ్మింది. రేకులు చూడగానే పసిపిల్లను అందుకున్నట్టు అందుకున్నాడు.

తర్వాత కట్ట విప్పి నా ముందు పెట్టాడు. చుట్టూ ఆడవాళ్ళు ఎండుచేపలు ఏరుతున్నారు, మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. నేను కళ్ళజోడు సవరించుకుని మొదటి ఆకు చూడటం మొదలుపెట్టాను. నా అలవాటు ప్రకారం నోరు మూసుకుని. కాసేపటికి చుట్టూ పనులు ఆగిపోయాయి. తలెత్తితే అందరూ నన్నే చూస్తున్నారు.

"ఏందమ్మా, ఒక్కదానివే మింగతా ఉండావు?" అంది ఒక ముసలామె.

నాకు అర్థం కాలేదు. పోలయ్య నవ్వుతూ చెప్పాడు. కట్ట విప్పినవాళ్ళు నోరు విప్పాలట. కళ్ళతో చదువుకుని పక్కన పెట్టేస్తే, పదిమంది మధ్య కూర్చుని ఒక్కరే అన్నం తిన్నట్టు. నేను సిగ్గుపడి గొంతు సవరించుకుని పైకి చదవబోయాను. రెండో వరసకే తడబడ్డాను. ఆకు మీద మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు. కామా లేదు, చుక్క లేదు. అక్షరాలన్నీ చీమల బారులా ఆకు చివరిదాకా ఒకటే నడక. ఒక్క ఖాళీ ఎక్కువైతే ఎర్ర సిరాతో గుండ్రం చుట్టేదాన్ని, ఇక్కడ మాట ఎక్కడ మొదలైందో తెలియక నీళ్ళు నమిలాను.

"కంటితో చూడబాకమ్మా. గొంతుతో తడుముకో. మాట అదే ఇడిపోతాది," అన్నాడు పోలయ్య.

అలాగే చేశాను. ఒక్కో అక్షరం పైకి పలుకుతూ పోతే, రెండు మూడు అక్షరాల తర్వాత నా చెవికి మాట వినపడింది. కన్ను పట్టుకోలేనిది చెవి పట్టుకుంది. అప్పుడు తెలిసింది నాకు, ఆ రోజుల్లో జనం పైకి ఎందుకు చదివేవారో. నోరు లేకపోతే ఆ ఆకుల మీద మాటలే లేవు. చదివినవాడు, విన్నవాడు, ఊ కొట్టినవాడు అందరూ కలిస్తేనే ఒక పేజీ అయ్యేది. ఆ చిన్న పందిరి నాకు చాలా పెద్దదిగా కనపడింది.

వాళ్ళ కథ ఒక పడవవాడి భార్యది. గాలి ఎత్తుకుపోయిన మొగుణ్ణి వెతుక్కుంటూ ఆమె ఒడ్డు వెంబడి ఉప్పు మోస్తూ నడుస్తుంది. ఆఖరికి గాలి ఎదురుపడి, నీ మొగుణ్ణి ఇస్తాను, బదులు నాకేమిస్తావు అని అడుగుతుంది. ఆమె ఏమిచ్చిందని అడిగాను. ఎవరూ చెప్పలేదు. అది కావమ్మ ఇంటి ఆకు, చదువులోనే వినాలి అన్నారు. అని మొహాలు దించుకున్నారు.

పోలయ్య పక్కకు పిలిచి సంగతి చెప్పాడు. వానల్లో కావమ్మకు పక్షవాతం వచ్చింది. కాళ్ళు కొంచెం నయం, నోరు మాత్రం పడిపోయింది. ఊ అనడం తప్ప మాట రాదు. కొడుకు చెన్నై హార్బరులో పని చేస్తాడు, ఆకు నేర్చుకోలేదు. మరి ఏటా వింటున్నారు కదా, మీకెవరికీ రాదా అన్నాను.

"కథ అందరికీ తెలుసమ్మా. మాట తెల్దు. ఒకరింటి ఆకు ఇంకొకరు నోట పట్టరు," అన్నాడు.

నడుమ ఆకు పలకకపోతే ఆ ఏడుతో పుస్తకం అయిపోయినట్టేనట. తెల్లగుడ్డలో చుట్టి, పసుపు రాసి, నీళ్ళలో వదిలేస్తారు. ఆ ఆకు దాటేసి మిగతాది చదువుకోవచ్చుగా అని ఊళ్ళో కుర్రాళ్ళు అన్నారట. పోలయ్య ఒప్పుకోలేదు. తన తాత, తండ్రి ఎవరూ దాటేసి చదవలేదని, కుంటి చదువు తన గొంతుతో చదవనని అన్నాడు. గుడ్డ కొని ఉంచాడు. అది చెప్పేటప్పుడు ఆయన పొర కమ్మిన కంట్లోనూ నీళ్ళు తిరిగాయి. నేను నిమ్మకాయలు పంచడానికి లేచాను.

కావమ్మ ఇల్లు

నిమ్మకాయలతో కావమ్మ ఇంటికి వెళ్ళాను. ఇసుకదిబ్బ పక్కన, పందిరికి ఎదురుగా ఉన్న ఇల్లు. సిమెంటు గోడలు, లోపల టీవీ, ఫ్రిజ్జు. గుమ్మానికి మంచి టేకు ద్వారబంధం కూడా ఉంది. తలుపు మాత్రం లేదు. పాత వల ఒకటి పరదాలా వేలాడుతోంది. పాపం, డబ్బు సరిపోక ఆపేసినట్టున్నారు అనుకున్నాను.

కోడలు సెల్వి ఎండురొయ్యలు వేసిన వంకాయ కూరతో అన్నం పెట్టింది. పులికాట్‌కు తమిళనాడు వైపున్న పళవేర్కాడు ఊరి పిల్ల. ఆరేళ్ళ కిందట ఈ ఇంటికి వచ్చింది. తెలుగు చదవడం రాదు, మాటల్లో తమిళ యాస. అత్తకు అన్నం కలిపి ముద్దలు పెడుతూ, ఆమె ఊ అంటే కూర, ఇంకోలా ఊ అంటే నీళ్ళు అని నాకు చెప్పింది. నాకు అన్నీ ఒకేలా వినపడ్డాయి. తలుపు గురించి అడిగితే, అత్త పెట్టనియ్యదక్కా, మా ఆయన రెండుసార్లు చేయించుకొచ్చినా తిప్పి పంపించేసింది అంది.

ఆకు సంగతి మాత్రం ఆ పిల్లను ఎవరూ అడగలేదు. బయటి నుంచి వచ్చిన పిల్ల, తెలుగు అక్షరం రానిది, ఆమెకేం తెలుసు అనుకున్నారు. నేనూ అడగలేదు.

పందిట్లో

చదువు మధ్యాహ్నం వాలాక మొదలై దీపాలవేళకు ఆగుతుంది. ముందుగా పోలయ్య దీపపు మసిలో నూనె కలిపి ఆకు మీద రాసి తుడుస్తాడు. అంతవరకూ మసకమసకగా ఉన్న ఆకు మీద నల్లగా అక్షరాలు తేలతాయి. తుడిచిన ప్రతిసారీ జనంలో ఒక చిన్న నిట్టూర్పు. తర్వాత రాగం కాని రాగంలో ఆయన ఎత్తుకుంటాడు. ప్రతి వరస చివరా అందరూ ఊ అంటారు. ఊ రాకపోతే ఆయన ముందుకు పోడు. పాత చదువుల్లో ఇదే పద్ధతి అని పెంచల్రెడ్డి గారు చెప్పినప్పుడు అదేదో వేడుక అనుకున్నాను. అక్కడ కూర్చున్నాక అర్థమైంది. అర్థం కానివాడు ఊ కొట్టడు. అప్పుడు చదివే మనిషి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాలి. ఊళ్ళో ఎవరూ వెనకబడకుండా కథ నడుస్తుంది.

రెండో రోజు పోలయ్య ఒకచోట ఆగాడు. వెనక వరసలో ఆటో నడిపే అతను లేచాడు. ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుని, చేతులు కట్టుకుని, వాళ్ళింటి ఆకు చెప్పాడు. అప్పటిదాకా సిగరెట్టు వాసన వేస్తూ ఫోను చూసుకుంటున్న మనిషి నోట్లోంచి, ఎప్పటివో తెలియని మాటలు ఒక్కటీ జారకుండా వచ్చాయి. చెప్పి, కూర్చుని, మళ్ళీ ఫోను తీశాడు. మా ప్రెస్సులో పుస్తకాలన్నీ ఒక గదిలో పడతాయి. ఇక్కడ ఒక పుస్తకం ఊరంత ఉంది.

కావమ్మ ఆకు రోజు వచ్చింది. ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో తెచ్చి ముందు కూర్చోబెట్టారు. వెనకాల సెల్వి. పోలయ్య ఒళ్ళో మడిచిన తెల్లగుడ్డ ఉంది. ఆరోజు ఎవరూ వలలు తేలేదు, చేపలు ఏరలేదు. కథలో ఆడమనిషి ఒడ్డు చివరికి చేరింది. గాలి ఎదురొచ్చింది. బదులు నాకేమిస్తావు అని గాలి అడిగింది. పోలయ్య ఆగాడు.

కావమ్మ పెదాలు కదిపింది. ఊ అంది. ఇంకోసారి ఊ అంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అందరూ ఇసుక వైపు చూస్తున్నారు. చాలాసేపటికి పోలయ్య చెయ్యి గుడ్డ మీదికి పోయింది.

"గాలీ గాలీ, నీకు ఊరు లేదు, పేరు లేదు," అని ఎవరో అన్నారు.

సెల్వి. కుర్చీ వీపు పట్టుకుని, తల వంచుకుని, తమిళ యాసతో చెబుతోంది. బయటి నుంచి వచ్చిన పిల్ల ఆ ఇంటి ఆకు చెప్పడమేమిటని మగవాళ్ళల్లో కదలిక వచ్చింది. అంతలో కావమ్మ గట్టిగా ఊ అంది. అది వరస చివర కొట్టిన ఊ. పోలయ్య చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"నీకు కూర్చునే అరుగు లేదు." ఊ. "ఏ ఇంటికి పోయినా నీ మొహాన తలుపేస్తారు." ఊ. అత్త చేపలు కడుగుతూ, వల ఎండేస్తూ ఏళ్ళ తరబడి గొణుక్కున్న మాటలు ఆ పిల్ల పక్కన పనిచేస్తూ విన్నదన్నమాట. ఎవరూ నేర్పలేదు. "నా మొగుణ్ణి నాకియ్యి. నేనున్నన్నాళ్ళూ నీకోసం నా ఇంటి తలుపు తీసి పెడతా."

ఊ రాలేదు.

సెల్వి ఆగింది. అదే వరస మళ్ళీ చెప్పింది. కావమ్మ నోరు మూసుకుని సముద్రం వైపు చూస్తోంది. ఆ పిల్ల మొహం చెమటతో తడిసిపోయింది. దిక్కు తోచక ఇటూ అటూ చూసింది. ఎదురుగా ఇసుకదిబ్బ పక్కన వాళ్ళ ఇల్లు కనపడుతోంది. ఖాళీ ద్వారబంధంలో వల ఊగుతోంది. సెల్వి దాన్నే చూస్తూ నిలబడింది.

"నేనున్నన్నాళ్ళూ," అంది నెమ్మదిగా, "నా ఇంటికి తలుపే పెట్టను."

కావమ్మ ఊ అంది.

ఆ వెంటనే ఊరంతా ఊ అంది. నేనూ అన్నాను. ప్రూఫులు దిద్దేదాన్ని కదా, ఒక్క మాట తేడాకు ఊ బిగబట్టిన ఆ ముసలామె ముందు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది, పెట్టాను. పోలయ్య తెల్లగుడ్డ తీసి మొహం తుడుచుకుని, దాన్ని భుజాన వేసుకుని, తర్వాతి ఆకు మీద మసి రాయడం మొదలుపెట్టాడు.

దీపాలవేళ సెల్వి భోజనానికి పిలిచింది. గుమ్మంలో వల పక్కకు తీసి నాకోసం పట్టుకుంది. నేను చెప్పులు విడుస్తుండగానే సముద్రం మీది గాలి నాకంటే ముందు లోపలికి వెళ్ళి, కావమ్మ మంచం మీద దుప్పటి కదిలించింది.